చదివిన పాఠం నుంచే రాయించడం ఎలా: ఉన్నత పాఠశాల ఇంగ్లీషు తరగతికి కొన్ని కార్యకలాపాలు

పాఠం పూర్తవుతుంది, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులూ వస్తాయి, కానీ అదే విషయం మీద సొంతంగా ఐదు వాక్యాలు రాయమంటే పిల్లల కలం కదలదు, ఏం చేయాలి? ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలా తరగతుల్లో చదవడం ఒక వారం ఒక అంశం మీద, రాయడం మరో వారం మరో అంశం మీద జరుగుతుండడమే ఇందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. చదివినప్పుడు పరిచయమైన పదాలూ వాక్య నిర్మాణాలూ రాయవలసిన సమయానికి విద్యార్థికి అందుబాటులో ఉండవు. అందువల్ల ఒకే పాఠ్యభాగాన్ని తీసుకొని, దాన్ని చదివించి, చర్చింపజేసి, చివరకు దాని నుంచే రాయించే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. 40 నుంచి 45 నిమిషాల పీరియడ్లు నాలుగు ఉంటే ఈ క్రమం మొత్తం పూర్తవుతుంది.

ఉదాహరణగా తేనెటీగల నృత్యాన్ని వివరించే పాఠ్యభాగాన్ని అనుకుందాం. ఆహారం ఉన్న చోటును కనుగొన్న తేనెటీగ పట్టుకు తిరిగివచ్చి, ఒళ్లు ఊపుతూ నృత్యం చేసి తోటి ఈగలకు దారి చెబుతుంది. నిలువు గీతతో ఆ నృత్యరేఖ చేసే కోణం సూర్యుణ్ణి బట్టి ఎటు ఎగరాలో చెబుతుంది, ఊగే సమయం ఎంత దూరం ఎగరాలో చెబుతుంది. ఈ సంగతిని వివరించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిపి నోబెల్ బహుమతి లభించింది. ఒక క్రమమూ, ఒక కారణమూ, తెలుసుకోవాలనిపించే ఒక వింతా ఉన్న ఇటువంటి అంశం చదవడానికీ రాయడానికీ సమానంగా పనికివస్తుంది. మీ పాఠ్యపుస్తకంలో ఈ మూడూ ఉన్న భాగం ఏదైనా సరే తీసుకోవచ్చు.

కావలసినవి

- 150 నుంచి 200 పదాల పాఠ్యభాగం ఒకటి, అదే స్థాయిలో పిల్లలు ఇంతవరకు చూడని మరొక భాగం. రెండోది చివరి పరీక్షకు కావాలి.
- ప్రతి నలుగురికీ నాలుగు చిన్న చీటీలు.
- సెకన్లు చూపే గడియారం.
- రాయడానికి విడిగా ఒక నోటు పుస్తకం. విడి కాగితాలు పోతాయి, పాత రాతతో కొత్త రాతను పోల్చే అవకాశం వాటితోపాటే పోతుంది.

పాఠ్యభాగం స్థాయి సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. తరగతిలో మధ్యస్థంగా చదివే ముగ్గురు నలుగురు విద్యార్థులకు అందులోని 100 పదాల ముక్క ఇచ్చి, తెలియని పదాల కింద గీత గీయమనండి. రెండు మూడు గీతలు పడితే వారు దాన్ని దాదాపు ఎవరి సాయమూ లేకుండా చదవగలరు. ఐదు వరకు పడితే మీ సాయంతో చదవగలరు. పది దాటితే ఆ భాగాన్ని మార్చండి, లేదా కఠినమైన వాక్యాలను మీరే తేలిక చేసి తిరిగి రాయండి. స్థాయి మించిన పాఠ్యభాగంతో కింది కార్యకలాపాలు ఏవీ పని చేయవు.

మొదటి పీరియడ్: చదవడం

1. చదవకముందు ఊహింపజేయండి (5 నిమిషాలు). పాఠం శీర్షికను మాత్రమే బోర్డు మీద రాసి, ఇందులో ఏముంటుందని అనుకుంటున్నారో అడగండి. వచ్చిన ఊహలను సరైనవో కావో చెప్పకుండా మూడు నాలుగు బోర్డు మీద రాయండి. ఆ తరువాత, తెలియకపోతే పాఠమే అర్థం కాని పదాలను మాత్రమే పరిచయం చేయండి. మన ఉదాహరణలో హైవ్, కోంబ్, యాంగిల్ సరిపోతాయి. సందర్భాన్ని బట్టి ఊహించగల పదాలను ఇక్కడ చెప్పేయకండి, వాటి అవసరం నాలుగో మెట్టులో ఉంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, పాఠం సారాంశమంతా మాతృభాషలో ముందే చెప్పేయడం. పిల్లలకు సాయం చేయాలనే మంచి ఉద్దేశంతోనే అలా చేస్తాం. కానీ విషయం ముందే తెలిసిపోయిన విద్యార్థికి ఆ ఇంగ్లీషు వాక్యాలను చదవవలసిన అవసరమే ఉండదు.

2. మౌనంగా, ఒకే ప్రశ్నతో చదివించండి (4 నిమిషాలు). పుస్తకం తెరవకముందే బోర్డు మీద ఒక్క ప్రశ్న రాయండి: "వై డజ్ ది బీ డాన్స్?" జవాబు దొరికినవారు చేయి ఎత్తకుండా, మాట్లాడకుండా నోటు పుస్తకంలో రాసుకోవాలి. 180 పదాలకు మూడు నిమిషాలు ఇచ్చి, నాలుగో నిమిషంలో పక్కవారితో జవాబు పోల్చుకోమనండి.

ఒకరి తరువాత ఒకరు లేచి ఒక్కో వాక్యం పైకి చదివే అలవాటు చాలా తరగతుల్లో ఉంది. మొదటిసారి చదివేటప్పుడు దాన్ని పూర్తిగా మానేయమని కోరుతున్నాను. తన వంతు ఎప్పుడు వస్తుందో లెక్కపెట్టుకునే విద్యార్థి మిగతా వాక్యాలను వినడు. చదవలేనివాడికి అది అందరి ముందూ జరిగే పరీక్ష అవుతుంది. పైకి చదవడం అవసరమే, కానీ అర్థం తెలిసిన తరువాత. ఈ పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో మీరు ఒకసారి స్పష్టంగా చదివి వినిపించి, తరువాత ఇద్దరిద్దరిని ఒకరికొకరు చదివి వినిపించుకోమనండి.

3. ఆధారం చూపించమనండి (20 నిమిషాలు). రెండోసారి చదివేటప్పుడు ఐదారు ప్రశ్నలు ఇవ్వండి. వాటిలో రెండింటికి జవాబు నేరుగా వాక్యంలో దొరకాలి, రెండింటికి రెండు వేర్వేరు వాక్యాలను కలిపితే దొరకాలి, ఒకటి పాఠంలో లేని విషయాన్ని ఆలోచింపజేయాలి. ఉదాహరణకు, సూర్యుడు కదిలితే నృత్యం కోణం మారాలా, మారకూడదా అనే ప్రశ్నకు జవాబు పాఠంలో రాసి ఉండదు, కానీ చదివినదాని నుంచి తేల్చవచ్చు. ప్రతి జవాబు పక్కనా అది ఏ పంక్తిలో దొరికిందో పంక్తి సంఖ్య తప్పనిసరిగా వేయించండి.

ఈ పంక్తి సంఖ్య చిన్న విషయంలా కనిపిస్తుంది గాని దాని వల్ల ఎంతో మేలు ఉంది. జవాబు తప్పయినప్పుడు విద్యార్థి పదం అర్థం కాక తప్పాడా, వేరే వాక్యం చూసి తప్పాడా, అసలు చదవకుండా ఊహించాడా అన్నది మీకు వెంటనే తెలుస్తుంది. జవాబు సరైనదై పంక్తి తప్పయితే పక్కవారి నుంచి చూసి రాశాడని అనుమానించవచ్చు.

రెండో పీరియడ్: గ్రూపుల్లో విప్పి చూడడం

4. నాలుగు పాత్రలతో చదివించండి. అమెరికాలో పనిచేసిన పరిశోధకులు యాన్‌మేరీ పాలిన్‌స్కర్, యాన్ బ్రౌన్ 1984లో వివరించిన పరస్పర బోధన పద్ధతికి ఇది తరగతి రూపం. నలుగురేసి గ్రూపులుగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికి ఒక చీటీ ఇవ్వండి. ప్రతి చీటీ మీద పాత్ర పేరు, మాట మొదలుపెట్టడానికి ఒక వాక్యారంభం ఉండాలి.

- ఊహించేవారు: "ఐ థింక్ ది నెక్స్ట్ పార్ట్ విల్ టెల్ అస్..."
- ప్రశ్నించేవారు: "వై..." లేదా "హౌ..." తో మొదలయ్యే ప్రశ్న.
- విడమరిచేవారు: "దిస్ వర్డ్ మే మీన్... బికాజ్..."
- సారాంశం చెప్పేవారు: "ది మెయిన్ ఐడియా ఈజ్..."

ఒక పేరా చదివి, నలుగురూ తమ తమ పని చేసి, తరువాతి పేరాకు చీటీలు మార్చుకోవాలి. మొదటి పేరాను మాత్రం మీరే నాలుగు పాత్రలూ పోషించి చూపండి. "ఈ పదం నాకు తెలియదు, కానీ ముందు వాక్యంలో దూరం గురించి ఉంది కాబట్టి ఇది కొలతకు సంబంధించినదై ఉండాలి" అని మీరు పైకి ఆలోచించడం విన్నప్పుడే పిల్లలకు ఆ పని ఎలా చేయాలో తెలుస్తుంది. ఈ ప్రదర్శన లేకుండా చీటీలు పంచితే పది నిమిషాల్లో తరగతి గందరగోళమవుతుంది.

గ్రూపులో చర్చ మాతృభాషలో సాగినా అడ్డుపడకండి. చివరకు తేల్చి చెప్పే వాక్యం మాత్రం ఇంగ్లీషులో ఉండాలని నియమం పెట్టండి. పూర్తిగా ఇంగ్లీషులోనే మాట్లాడాలంటే, ఆలోచన ఉన్న పిల్లలు కూడా మౌనం వహిస్తారు.

మీరు గ్రూపుల మధ్య తిరుగుతున్నప్పుడు ఈ మూడింటిని గమనించండి. సారాంశం చెప్పేవారు పేరా మొత్తాన్ని తిరిగి చదివేస్తుంటే 20 పదాల పరిమితి పెట్టండి. ప్రశ్నించేవారు పదాల అర్థాలే అడుగుతుంటే, ఆ పని విడమరిచేవారిదని గుర్తుచేసి "వై"తో అడగమనండి. ఒక చురుకైన విద్యార్థి నలుగురి పనీ తానే చేస్తుంటే, గ్రూపు తరఫున జవాబు చెప్పేవారిని మీరే ఎంపిక చేస్తానని ముందుగా ప్రకటించండి. అప్పుడు ఆ చురుకైన విద్యార్థే మిగతావారికి నేర్పడం మొదలుపెడతాడు.

మూడో పీరియడ్: చదవడం నుంచి రాయడానికి

5. డిక్టోగ్లాస్ చేయించండి, అంటే విన్న పేరాను గ్రూపులో తిరిగి నిర్మింపజేయండి. ఈ క్రమంలో ఒక్క కార్యకలాపాన్నే ఎంచుకోవలసి వస్తే నేను దీన్నే ఎంచుకుంటాను. భాషాబోధకురాలు రూత్ వైన్‌రిబ్ 1990లో దీన్ని సవివరంగా అందించారు. పాఠం నుంచి తీసిన నాలుగైదు వాక్యాలు ఉంటే చాలు. ఉదాహరణకు:

"ఎ బీ ఫైండ్స్ ఫుడ్. ఇట్ ఫ్లైస్ బ్యాక్ టు ది హైవ్ అండ్ డాన్సెస్ ఆన్ ది కోంబ్. ది యాంగిల్ ఆఫ్ ది డాన్స్ షోస్ ది డైరెక్షన్. ఎ లాంగర్ డాన్స్ మీన్స్ ఎ లాంగర్ ఫ్లైట్."

అ) కలాలు కింద పెట్టించి, మామూలు వేగంతో ఒకసారి చదవండి. పిల్లలు వినాలి, రాయకూడదు.

ఆ) రెండోసారి అదే వేగంతో, వాక్యానికీ వాక్యానికీ మధ్య కొద్ది సెకన్లు ఆగుతూ చదవండి. ఇప్పుడు వారు ముఖ్యమైన పదాలు మాత్రమే రాసుకోవాలి. "బీ, ఫుడ్, హైవ్, డాన్స్, యాంగిల్" అన్నట్లుగా నోటు పుస్తకంలో ఉంటే పని సరిగ్గా జరుగుతున్నట్లే.

ఇ) గ్రూపులో ఆ పదాలను కలిపి పేరాను తిరిగి నిర్మించాలి. దీనికి 12 నుంచి 15 నిమిషాలు ఇవ్వండి. ఒకరు మాత్రమే రాయాలి, నలుగురూ ఒప్పుకున్న వాక్యమే కాగితం మీదికి రావాలి.

ఈ) రెండు గ్రూపుల పేరాలను బోర్డు మీద రాయించి, అసలు పేరాతో పోల్చండి.

కీలక పదాలు చేతిలో ఉన్నా వాక్యం కావాలంటే ఎ, ది, ఆన్ వంటి చిన్న పదాలు, వర్తమాన కాలంలో హీ, షీ, ఇట్ వంటి ఏకవచన కర్త ఉన్నప్పుడు క్రియ చివర చేరే ఎస్ తామే చేర్చుకోవాలి. వ్యాకరణ నియమం చెప్పినప్పుడు పట్టించుకోనివారు కూడా "ఫ్లై"యా, "ఫ్లైస్"ఆ అని ఇక్కడ వాదించుకుంటారు, ఆ వాదనలోనే నేర్చుకోవడం జరుగుతుంది.

హెచ్చరిక: పిల్లలు అందుకోలేకపోతున్నారని జాలిపడి పదం పదంగా ఆగి చదివితే ఇది మామూలు డిక్టేషన్ అయిపోతుంది, ప్రయోజనం పోతుంది. అందుకోలేకపోతే మూడోసారి చదవండి గాని వేగం తగ్గించకండి. బోర్డు మీద సరిచూసేటప్పుడు మొదట అర్థం మారిందా అని, ఆ తరువాతే వ్యాకరణం సరిగ్గా ఉందా అని అడగండి. అసలు వాక్యానికి భిన్నంగా ఉన్నా అర్థం, వ్యాకరణం సరిగ్గా ఉన్న వాక్యాన్ని ఒప్పుగానే లెక్కించాలి.

ప్రత్యామ్నాయం: తరగతి మరీ కుదురు లేకుండా ఉన్న రోజున రన్నింగ్ డిక్టేషన్ చేయించండి. పేరాను గోడకు అంటించి, ఇద్దరిలో ఒకరు వెళ్లి చదివి, గుర్తుపెట్టుకొని వచ్చి చెబితే రెండోవారు రాస్తారు. సగంలో పాత్రలు మారాలి. గోడ దగ్గర నుంచి అరిచి చెప్పకూడదనీ, చెప్పేవారు నోటు పుస్తకాన్ని ముట్టుకోకూడదనీ ముందే చెప్పండి. స్పెల్లింగుకూ విరామ చిహ్నాలకూ ఇది మంచిదే గాని, వాక్య నిర్మాణం నేర్పడంలో డిక్టోగ్లాస్ అంత బలమైనది కాదు.

6. చిన్న వాక్యాలను కలిపించండి (10 నిమిషాలు). పాఠం నుంచి తీసిన రెండేసి చిన్న వాక్యాలు ఇచ్చి, "బికాజ్", "వెన్", "విచ్" వంటి పదంతో ఒకటిగా చేయమనండి. నాలుగు జతలు చాలు. కలిపిన తరువాత పైకి చదివించి, అర్థం మారితే విడదీయమనండి.

నాలుగో పీరియడ్: సొంతంగా రాయడం

7. ఎవరికి, ఎందుకు రాస్తున్నారో చెప్పి రాయించండి. "తేనెటీగ గురించి ఒక పేరా రాయండి" అని చెప్పకండి. "పదేళ్ల తమ్ముడికో చెల్లెలికో తేనెటీగ దారి ఎలా చెబుతుందో 80 పదాల్లో వివరించండి" అని చెప్పండి. చదివేవారు ఎవరో తెలిస్తే ఏం రాయాలో, ఏది వదలాలో, ఏ పదం తేలిక చేయాలో విద్యార్థికే తోస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు ప్రణాళికకు ఇవ్వండి. కాగితం మీద మూడు గళ్లు గీయించి, ఏం జరుగుతుంది, దిక్కు ఎలా తెలుస్తుంది, దూరం ఎలా తెలుస్తుంది అనే మూడింటి కింద పదాలు మాత్రమే రాయించండి. తరువాతి ఐదు నిమిషాల్లో మొదటి వాక్యాన్ని తరగతి అంతా కలిసి బోర్డు మీద తయారుచేయండి. పిల్లలు సూచించిన రెండు మూడు ఆరంభాలను రాసి, ఏది ఎందుకు బాగుందో చర్చించి ఒకటి ఎంచుకోండి. రాయలేని విద్యార్థులు చాలామంది ఆగిపోయేది మొదటి వాక్యం దగ్గరే.

ఆ తరువాత పుస్తకం మూయించి, 12 నిమిషాలు మౌనంగా రాయించండి. పంక్తి విడిచి పంక్తిలో రాయాలి, తుడవకూడదు, తప్పనిపిస్తే గీత కొట్టి ముందుకు సాగాలి. పుస్తకం తెరిచి ఉంటే చాలామంది వాక్యాలను యథాతథంగా ఎక్కిస్తారు. గళ్లలోని పదాలు మాత్రం ఎదురుగా ఉండవచ్చు. బాగా వెనుకబడినవారికి వాక్యారంభాలు నాలుగు ఇచ్చి పూర్తి చేయమనండి. త్వరగా ముగించినవారికి, సూర్యుడు కనబడని రోజున ఈగలు ఏం చేస్తాయని అనుకుంటున్నారో మరో పేరా రాయమనండి.

8. దిద్దండి, తిరిగి రాయించండి. మొదట పక్కవారు చదవాలి, తప్పులు వెదకడానికి కాదు. రెండే ప్రశ్నలకు జవాబు చెప్పాలి: దిక్కు, దూరం రెండూ ఎలా తెలుస్తాయో అర్థమైందా? ఏ వాక్యాన్ని రెండుసార్లు చదవవలసి వచ్చింది? వ్యాకరణ దోషాలను తోటి విద్యార్థుల చేత దిద్దిస్తే సరైనవి కూడా తప్పులుగా మారే ప్రమాదం ఉంది.

తరువాత మీ వంతు. ప్రతి తప్పునూ ఎర్ర సిరాతో సరిచేసి ఇస్తే విద్యార్థి మార్కులు చూసి పుస్తకం మూసేస్తాడు, మీ శ్రమ వృథా అవుతుంది. వారానికి ఒకటి రెండు రకాల తప్పులనే ఎంచుకొని, సరైన రూపం రాయకుండా పక్కన గుర్తు మాత్రం పెట్టండి: కాలం తప్పితే "కా", స్పెల్లింగు తప్పితే "స్పె", పదం లోపిస్తే "లో". ఏ రకం తప్పులు చూస్తున్నారో తరగతికి ముందే చెప్పండి, లేకపోతే గుర్తు లేనిదంతా సరైనదేనని అనుకుంటారు. 60 మంది ఉన్న తరగతిలో కూడా ఈ పద్ధతిలో దిద్దడం సాధ్యమే, వీలుకాకపోతే ఒక్కో వారం మూడో వంతు పుస్తకాలు తీసుకోండి. తిరిగి రాసిన ప్రతికే మార్కులు వేయండి. మొదటి ప్రతికి మార్కులు వేస్తే రెండో ప్రతి ఎవరూ రాయరు.

ఫలితం వచ్చిందో లేదో ఎలా చూడాలి

చదవడాన్ని పరీక్షించడానికి, 1953లో విల్సన్ టేలర్ ప్రవేశపెట్టిన క్లోజ్ పరీక్ష తయారుచేయడం సులువు. మీరు పక్కన పెట్టిన రెండో పాఠ్యభాగంలో మొదటి, చివరి వాక్యాలను అలాగే ఉంచి, మధ్యలో ప్రతి ఏడో పదాన్నీ తీసేసి ఖాళీలు పెట్టండి. 180 పదాల భాగంలో సుమారు 20 ఖాళీలు వస్తాయి. తీసేసిన పదాన్నే రాస్తే మార్కు ఇచ్చే లెక్కలో, 60 శాతం దాటినవారు ఆ స్థాయి పాఠాన్ని తామే చదువుకోగలరని, 40 నుంచి 60 మధ్య ఉన్నవారికి మీ సాయం కావాలని, 40 కంటే తక్కువ వచ్చినవారికి అది కఠినమని స్థూలంగా భావించవచ్చు. తరగతిలో చదివిన భాగంతోనే ఈ పరీక్ష పెట్టకండి, పిల్లలు జ్ఞాపకం నుంచి నింపుతారు. మీకు నచ్చిన పదాలు ఎంచి తీసేయడమూ సరికాదు, అలా చేస్తే పై శాతాలు వర్తించవు.

రాతకు వేరే పరీక్ష అక్కరలేదు. ఒకే విద్యార్థి మొదటి నెల పేరానూ, మూడో నెల పేరానూ పక్కపక్కన పెట్టి మూడు విషయాలు చూడండి: అదే 12 నిమిషాల్లో ఎన్ని పదాలు రాయగలిగాడు, "బికాజ్", "వెన్" వంటి పదాలతో కలిపిన వాక్యాలు ఎన్ని ఉన్నాయి, మీరు గుర్తుపెట్టిన రకం తప్పులు తగ్గాయా. పదాలు పెరిగి తప్పులూ కొంత పెరిగితే కంగారు పడవద్దు, ధైర్యం చేసి కొత్త వాక్యాలు ప్రయత్నించేవారిలో కొంతకాలం అలాగే ఉంటుంది. పదాలు పెరగకుండా తప్పులు మాత్రమే తగ్గితే, తెలిసిన నాలుగు వాక్యాలనే భద్రంగా రాస్తున్నాడేమో చూడండి. అటువంటి విద్యార్థికి కొన్ని వారాలు గుర్తులేమీ పెట్టకుండా, రాసిన విషయం గురించి ఒక ప్రశ్న మాత్రమే వేసి పుస్తకం తిరిగి ఇవ్వండి.

క్లోజ్ పరీక్షలో చాలా తక్కువ వచ్చినవారిలో కొందరు అసలు పదాలను పలకడం దగ్గరే ఆగిపోతుండవచ్చు. ఒక్కొక్కరిని విడిగా పిలిచి, ఒక నిమిషం పైకి చదివించి చూస్తే అది తెలిసిపోతుంది. అక్షరాలను ధ్వనులతో కలపలేని విద్యార్థికి గ్రూపు చర్చలూ డిక్టోగ్లాస్ మాత్రమే సరిపోవు. ఆ కొద్దిమందికి రోజూ పది నిమిషాలు కేటాయించి, ఒకే రకంగా పలికే పదాల జాబితాలతో, మీరు ముందు చదవగా వారు మళ్లీ మళ్లీ చదివే 50 పదాల చిన్న పేరాలతో విడిగా సాధన చేయించండి. గ్రూపు పనిలో మాత్రం వారిని మిగతావారితోనే ఉంచండి. చదివి వినిపిస్తే పాఠాన్ని అర్థం చేసుకొని, ఊహించేవారి పాత్రనూ ప్రశ్నించేవారి పాత్రనూ వారు చక్కగా నిర్వహించగలరు.